ఇంటి టెలిఫోనుకు అద్దె ఎందుకు?

మొన్నటి వేసవివరకు మా ఇంటికి నెలకు రెండు బిల్లులు వచ్చుచుండెడివి. ఒకటి గాజు తీగె మీదుగా వచ్చెడి ఇంటర్నెట్టుకు. రెండవది ముప్పది ఏండ్లుగా హాలులో మూలబల్లపై కూర్చున్న టెలిఫోనుకు. మొదటి బిల్లును గూర్చి మా ఇంట ఎవరును తర్కింపరు. మనుమరాలి పాఠములు, కోడలి ఉద్యోగము, నా పత్రికాపఠనము, సాయంకాలపు సినిమా, సర్వమును ఆ తీగెపైననే నడచుచున్నవి. రెండవ బిల్లు వచ్చినప్పుడు మాత్రము మా అబ్బాయి దానిని వ్రేలితో తట్టి, "నాన్నగారూ, ఈ ఫోను ఆఖరిసారి ఎప్పుడు మోగిందో చెప్పండి" అని అడుగుచుండెడివాడు. నేను సమాధానము చెప్పక ఆ కాగితమును మడిచి జేబులో పెట్టుకొనుచుండెడివాడను.

ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. విజయనగరములోను, శ్రీకాకుళములోను నావలె పింఛను పుచ్చుకొనుచున్న మేష్టార్ల ఇండ్లకు పోయినప్పుడు గుమ్మముపైన ఈ రెండు తీగెలు ప్రక్కప్రక్కనే కనబడుట నేను గమనించుచున్నాను. కొందరు అలవాటుచేత, కొందరు అభిమానముచేత, మరికొందరు భయముచేత ఆ రెండవ అద్దెను చెల్లించుచున్నారు. ఎందుకు చెల్లించుచున్నామో తెలిసి చెల్లించువారు అరుదు. తెలియక చెల్లించు సొమ్ము ఎంత చిన్నదైనను దుర్వ్యయమే. అట్లే, తెలియక వదలుకొను సౌకర్యము ఎంత పాతదైనను నష్టము కావచ్చును. కావున ఈ విషయమును కొంచెము నిదానించి ఆలోచించుట మంచిది.

ముందుగా, ఈ టెలిఫోనుపై మనకు ఇంత మమకారము ఎట్లు కలిగినదో చూతము. కలకత్తా, బొంబాయి, మదరాసు నగరములలో 1881-82 ప్రాంతముననే ఎక్స్ఛేంజీలు వెలసినవి. అయినను మన ప్రాంతమున సామాన్యుని ఇంట ఆ గంట మోగుటకు దాదాపు నూరు సంవత్సరములు పట్టినది. అంతవరకు మనకు దూరపువార్త యనగా తంతియే. తంతి బంట్రోతు వీధిలో సైకిలు దిగినచో ఇంటిలో గుండెలు దడదడలాడుచుండెడివి. కవరు విప్పి ఎవరైన చదివి చెప్పువరకు అది ఉద్యోగపు ఉత్తరువో, మరణవార్తయో తెలియదు. ఆ తంతికి 2013 జూలైలో ప్రభుత్వము స్వస్తి చెప్పినది. ట్రంకుకాలు మాటాడవలెనన్న తపాలా కార్యాలయమున పేరు వ్రాయించి, బల్లపై గంటలకొలది కూర్చుండి, పిలుపు వచ్చినపుడు పరుగెత్తి, మూడు నిమిషములలో ముప్పది సంగతులు అరచి చెప్పి బయటపడుచుండెడివారము. 1960లో కాన్పూరు, లక్నో నగరముల నడుమ ఎవరి సహాయమును లేకుండ నేరుగా సంఖ్య త్రిప్పి మాటాడెడి ఏర్పాటు మన దేశమున మొదలైనది. అది మన పల్లెలదాక వచ్చుటకు మరికొన్ని దశాబ్దములు కావలసివచ్చినది.

1984లో కేంద్రప్రభుత్వము సి-డాట్ అను పరిశోధనసంస్థను నెలకొల్పెను. మన ఎండకును, దుమ్మునకును ఓర్చుకొని, శీతలయంత్రము లేని గదిలోకూడ పనిచేయగల గ్రామీణ ఎక్స్ఛేంజిని ఆ సంస్థ రూపొందించెను. 128 తీగెల ఆ చిన్న ఎక్స్ఛేంజి 1986లో కర్ణాటకమునందలి కిత్తూరున మొదటిసారి పనిచేసినది. ఆ తరువాతనే దేశమునందంతట పసుపుపచ్చని బోర్డుల ఎస్.టి.డి. బూతులు పుట్టినవి. బస్సు కాంప్లెక్సుల ముందర, రైలు స్టేషనుల యెదుట, రాత్రి ధర తగ్గెడివేళకు బారులు తీరి నిలిచిన జనము ఆ తరమువారికి ఇంకను కన్నులకు కట్టినట్లుండును. సొంత ఇంటికి కనెక్షను కావలెనన్న దరఖాస్తు పెట్టి ఏండ్లకొలది ఎదురుచూడవలెను. ఇంటికి టెలిఫోను వచ్చిననాడు వీధివీధి వచ్చి చూచి పోయినది. 08922 యనగా విజయనగరము, 08942 యనగా శ్రీకాకుళము. ఆ అంకెలు మాకు ఊరి పేరువలెనే నోటికి వచ్చినవి.

1995 జూలై 31న కలకత్తాకును ఢిల్లీకిని నడుమ దేశమున తొలి సెల్లుఫోను సంభాషణ జరిగెను. 2000 అక్టోబరు 1న టెలిఫోను శాఖవారి సేవలు భారత్ సంచార్ నిగమ్ అను ప్రభుత్వసంస్థకు మారినవి. 2006 నాటికి దేశములో సుమారు 5 కోట్ల తీగె టెలిఫోనులు ఉండెడివి. జేబులోని ఫోను చౌకయైనకొలదిని ఇంటిలోని ఫోను తగ్గుచు వచ్చి, 2020 నాటికి అవి సుమారు 2 కోట్లకు దిగినవి. చిత్రమేమనగా, ఆ తరువాత ఆ లెక్క మరల పెరుగసాగినది. అది పాత రాగితీగెకు వచ్చిన ఆదరణ కాదు. గాజు తీగెతో ఇంటర్నెట్టు పెట్టించుకొనువారికి దానితోబాటు ఒక టెలిఫోను సంఖ్యనుకూడ ఇచ్చుచున్నారు. వానిని కలుపుకొనుటచేత లెక్క పెరిగినది.

ఇచటనే మన విషయమునకు మొదటి ముడి విడుచున్నది. ఇంటర్నెట్టుకై ఇచ్చెడి సొమ్ములోనే టెలిఫోనుకూడ చేరియున్నపుడు, టెలిఫోనుకని వేరుగ అద్దె యేల?

మన రాష్ట్రమున ఈ సంగతి మొదటినుండియు బహిరంగమే. 2015లో రాష్ట్రప్రభుత్వము ఫైబర్‌నెట్ సంస్థను స్థాపించెను. 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి శ్రీ రామ్‌నాథ్ కోవింద్ దానిని జాతికి అంకితము చేసిరి. టెలివిజను, ఇంటర్నెట్టు, టెలిఫోను, మూడును ఒకే తీగెపై నెలకు 149 రూపాయలకు ఇత్తుమని అప్పటి ప్రకటన. భూమిని త్రవ్వి తీగె పాతినచో వ్యయమును కాలమును మిక్కిలి యగునని తలచి, అప్పటికే ఊరూర నిలిచియున్న విద్యుత్ స్తంభములపైననే ఆ తీగెను సాగదీసిరి. తక్కువ ఖర్చుతో పల్లెలకు చేరుటకు అది తెలివైన ఉపాయమే. కాని ఆ ఉపాయముననే మన జిల్లాలకు సంబంధించిన చిక్కు ఒకటి యున్నది. దానిని ముందు చెప్పెదను.

ఈ రెండు తీగెలకు గల భేదము విద్యార్థులు ఎరిగియుండదగినది. పాత టెలిఫోనుకు వచ్చునవి రెండు సన్నని రాగితీగెలు. ఎక్స్ఛేంజిలో పెద్ద బ్యాటరీల వరుస యుండును. అవి 48 వోల్టుల విద్యుత్తును ఆ రాగితీగెలగుండ మన ఇంటివరకు పంపుచుండును. మన గొంతును మోసికొనిపోవునది ఆ విద్యుత్తే. టెలిఫోనును బ్రతికించి యుంచునదియు ఆ విద్యుత్తే. అందుచేతనే ఇంటిలో దీపములు ఆరిపోయినను ఆ టెలిఫోను పలుకుచుండెడిది. దానికి మన ఇంటి కరెంటుతో పని లేదు.

గాజు తీగె అట్టిది కాదు. తలవెండ్రుకవలె సన్నమైన ఆ గాజుపోగులో ప్రవహించునది వెలుతురు. వెలుతురు ఎన్ని వేల పుస్తకములనైనను క్షణములో మోసికొనిపోగలదు; కాని ఒక గంటను మోగించునంత శక్తిని మోసికొని రాలేదు. గాజు విద్యుత్తును ప్రవహింపనీయదని ఆరవ తరగతి పిల్లవానికిని తెలియును. కావున ఆ వెలుతురును మరల శబ్దముగ మార్చుటకు ఇంటిలో ఒక చిన్న పెట్టె యుండవలెను. ఆ పెట్టె మన ఇంటి కరెంటుపై నడువవలెను. కరెంటు పోయిన మరుక్షణమే పెట్టె నిద్రించును. పెట్టె నిద్రించినచో దానికి తగిలించిన టెలిఫోనును మూగదగును. ఇట్లని గాజు తీగెను తక్కువ చేయరాదు. వానకాలమున రాగితీగెల అతుకులలో నీరు చేరి బుసబుసమని చప్పుడు వచ్చుట, పిడుగుపాటున సాధనము కాలిపోవుట, రాగికై దొంగలు తీగెనే కోసికొనిపోవుట మనము చూచినవే. గాజునకు ఈ బాధలు లేవు.

ఇక డబ్బు లెక్క చూతము. టెలిఫోను అద్దె నెలకు 200 రూపాయలనుకొందము. దానిపై నూటికి 18 చొప్పున పన్ను చేర్చినచో 236 రూపాయలు. సంవత్సరమునకు 2,832, పది సంవత్సరములకు 28,320. పింఛనుదారునకు ఇది తేలికగా వదలుకొనదగిన మొత్తము కాదు. ఒక పేదపిల్ల కళాశాల పుస్తకములు ఆ సొమ్ముతో వచ్చును. మా అబ్బాయి ఈ లెక్కను కాగితముపై వేసి చూపి, "సమాధానం చెప్పండి మేష్టారూ" అని నవ్వినాడు. లెక్కలో తప్పు లేదు. అయినను నేను వెంటనే ఒప్పుకొనలేదు. దానికి కారణము 2018 అక్టోబరు మాసము.

ఆ నెల 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస సమీపమున తీరము దాటినది. గంటకు 140, 150 కిలోమీటర్ల వేగముతో గాలి వీచినది. ఉద్దానమని మనము పిలుచుకొను ఆ పచ్చని నేల, తరతరములు పెంచుకొన్న కొబ్బరిచెట్లును జీడితోటలును, ఒక్క రాత్రిలో నేల కొరిగినది. వేలకొలది విద్యుత్ స్తంభములు కూలినవి. దినముల తరబడి పల్లెలకు కరెంటు లేదు. సెల్లుఫోను గోపురములు మూగవోయినవి. మా అక్కయ్య కాపురము సోంపేట దగ్గర ఒక పల్లెలో. ఆమెకు ఎనుబది సంవత్సరములు సమీపించుచున్నవి. ఆమె కుమారుడు అప్పటికి పనికై పరరాష్ట్రమున ఉండెను. మూడు దినములు ఆమె జాడ మాకు తెలియలేదు. ఎన్నిసార్లు సెల్లుఫోనుకు చేసినను ఒకే యంత్రపు గొంతు. దారిలో చెట్లు పడియున్నందున బస్సులు కదలలేదు.

నాలుగవ దినమున మధ్యాహ్నము మా మూలబల్లపై నున్న టెలిఫోను మోగినది. ఎత్తినచో ఎవరో అపరిచితుని గొంతు. ఆ వెనువెంటనే మా అక్కయ్య. "తమ్ముడూ, నేనేనురా. బతికే ఉన్నాం. తోటంతా పోనాది" అన్నది. పొరుగువారి ట్రాక్టరుపై పట్టణమునకు వచ్చి, ఒక దుకాణదారుని బ్రతిమాలుకొని అతని ఫోనుతో మాటాడినది. ఆమె సెల్లుఫోనులో ఛార్జి లేదు. మా అందరి సంఖ్యలును ఆ ఫోనులోననే యున్నవి. ఒక్కటియు ఆమెకు నోటికి రాదు. మా ఇంటి టెలిఫోను సంఖ్య మాత్రము ఆమె నోట నిలిచియున్నది. ముప్పది ఏండ్లుగా ప్రతి ఆదివారము ఉదయము త్రిప్పిన సంఖ్య అది.

ఆనాటినుండి ఆ టెలిఫోను నాకు దేవతార్చనలోని వస్తువువలె నయ్యెను. ఎవరైన దానిని తీసివేయుమన్నచో, "తిత్లీనాడు మనలను ఆదుకొన్నది అదే" అని నోరు మూయించుచుంటిని. మొన్నటి వేసవిలో మనుమరాలు నా వాదమునకు ఒక పరీక్ష పెట్టినది. ఆమె తొమ్మిదవ తరగతి చదువుచున్నది. రాగితీగె, గాజు తీగెల పాఠము నేనే చెప్పియుంటిని. "అయితే తాతగారూ, మెయిన్ స్విచ్చు ఆపి మన ఫోను ఎత్తి చూద్దాం" అన్నది. ఆపితిమి, ఎత్తితిమి. చెవికి ఏ ధ్వనియు వినబడలేదు. కారణము వెదకగా తెలిసినది: పదేండ్ల క్రిందట నేనే పాత సాధనమును మార్చి, చేతబట్టుకొని ఇల్లంతయు తిరుగుచు మాటాడగల తీగెలేని ఫోనును తెచ్చి పెట్టుకొంటిని. దాని పీఠము ఇంటి కరెంటుతోననే పనిచేయును. వెనుక రాగితీగె సజీవముగనే యున్నది. ముందరి సాధనమే కరెంటు లేనిచో ఉలకదు పలకదు. కరెంటు పోయినపుడు పలుకునను ధైర్యముతో ఇన్నేండ్లు అద్దె చెల్లించిన ఫోను, నా చేతులార నేనే మూగచేసిన ఫోను. మా అబ్బాయి ఏమియు అనలేదు. అనియున్నను నాకు బాధ లేకపోయెడిది.

ఆ దినమంతయు నేను తిత్లీ సంగతిని మరల మనసునకు తెచ్చుకొని చూచితిని. నిజముగ ఆనాడు మాకు సాయపడినదేది? రాగితీగె కాదు. విజయనగరమున మా ఇంటిలో ఆ సమయమునకు కరెంటు ఉన్నది. మా ఫోను గాజు తీగెపై నున్నను మోగియుండెడిదే. కరెంటు పోయిన ఉద్దానమున మా అక్కయ్య ఇంటిలో ఏ తీగెయు లేదు. ఒక కొనయందు మాత్రమే మెలకువగా నున్న టెలిఫోనువలన లాభమేమి? ఆనాడు ఆదుకొన్నవి రెండు. ఒకటి, ఒక వృద్ధురాలి నోట నిలిచిన మారని సంఖ్య. రెండు, ఆ సంఖ్యకు పిలిచినపుడు ఎవరో ఒకరు ఉండి ఎత్తెడి ఇల్లు.

ఇట్లు విడదీసి చూచినచో మనము అద్దె యిచ్చునది మూడింటికని తెలియుచున్నది: తీగెకు, సంఖ్యకు, ఇంటికి వచ్చెడి పిలుపునకు. వీనిలో సంఖ్యను, పిలుపును నిలుపుకొనుటకు రెండవ అద్దె అక్కరలేదు. భారత్ సంచార్ నిగమ్ తన పాత రాగితీగె చందాదారులను సంఖ్య మారకుండగనే గాజు తీగెపైకి మార్చుచున్నది. నేను ఇంటర్నెట్టును వేరొక సంస్థనుండి తీసికొనియుండుటచేత రెండు బిల్లులు వచ్చుచుండెను. టెలిఫోను ఇచ్చిన సంస్థయందే గాజు తీగెను తీసికొని రెండవదానిని మానివేసితిని. సంఖ్య అదే; బిల్లు ఒకటి. ఇచట ఒక హెచ్చరిక చేయవలెను. సెల్లుఫోను సంఖ్యను ఒక సంస్థనుండి వేరొక సంస్థకు తీసికొనిపోవు వీలు 2011 జనవరి 20 నుండి దేశమంతట కలిగినది. ఇంటి టెలిఫోనునకు అప్పుడు ఆ వీలు కల్పింపలేదు. కావున తొందరపడి పాత కనెక్షనును ముందుగ రద్దు చేసికొన్నచో సంఖ్య చేజారును. సంఖ్య క్రొత్త తీగెపై మోగినదని చెవులార విన్న పిమ్మటనే పాతదానిని వదలవలెను.

అట్లయిన తీగెకు ఇచ్చు అద్దె పూర్తిగ వ్యర్థమా? అందరికిని వ్యర్థమని నేననను. ఇంటిలో ఒంటరిగ నుండు వృద్ధులు, రోగులు, సెల్లుఫోను సంకేతము సరిగ అందని ఊళ్ళవారు, వీరికి కరెంటుతో నిమిత్తము లేని రాగితీగెయు, దానికి తగిలించిన పాతకాలపు సాధనమును ఉన్నచో, వారు దానిని నిలుపుకొనుట తెలివియే. అర్ధరాత్రి 108 వాహనమును పిలువవలసివచ్చినవానికి నెలకు రెండు వందలు ఎక్కువ కాదు. కాని వారైనను మా మనుమరాలి పరీక్షను ఒకసారి చేయవలెను. మెయిన్ స్విచ్చు ఆపి, రిసీవరు ఎత్తి, చెవికి ఆనించి వినవలెను. వినబడినచో అద్దె సార్థకము. వినబడనిచో, తాము కొనుచున్నది ధైర్యము కాదు, భ్రమ.

గాజు తీగెపైకి మారినవారు మరియొక పని చేయవచ్చును. ఇంటర్నెట్టు పెట్టె చాల తక్కువ విద్యుత్తుతో నడచును. దానికొరకే చిన్న బ్యాటరీలు బజారున దొరకుచున్నవి. కరెంటు పోయినను కొన్ని గంటలు పెట్టెను నడుపును. నేను మిగిలిన అద్దెసొమ్ముతో అట్టిదొకటి కొంటిని. సామాన్యమైన కరెంటుకోతకు అది చాలును.

తుఫానునకు మాత్రము చాలదు. ముందు చెప్పెదనన్న చిక్కు ఇదియే. స్తంభములపై సాగిన గాజు తీగె స్తంభముతోబాటు కూలును. కరెంటు తెచ్చు స్తంభమును, మాట తెచ్చు స్తంభమును ఒక్కటే యైనపుడు, గాలి ఒక్క దెబ్బతో రెండింటిని కొట్టును. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, మూడును అక్టోబరు మాసముననే మన తీరమును పీడించినవి. ఇచ్ఛాపురమునుండి భోగాపురమువరకు సముద్రపుటొడ్డున నివసించువారికి దసరా పండుగ యెట్లో అక్టోబరు గాలియు అట్లే. ఇట్టిచోట ప్రతి గృహస్థుడును తన డబ్బుతో తన ధైర్యమును కొనుక్కొనవలెననుట న్యాయము కాదు. కొనుక్కొన్నను ప్రయోజనము లేదు. ఇది ఊరంతయు కలిసి చేసికొనవలసిన ఏర్పాటు.

ఇతరదేశములవారు ఈ ప్రశ్నను మనకంటె ముందుగ ఎదుర్కొన్నారు. బ్రిటనులో రాగితీగెల టెలిఫోను వ్యవస్థను 2025 చివరకు ఆపివేయవలెనని మొదట నిశ్చయించిరి. కాని ఒంటరి వృద్ధులు మెడలో ధరించి ఆపదవేళ నొక్కెడి సాధనములు అనేకము ఆ తీగెలపై ఆధారపడియున్నందున గడువును 2027 జనవరివరకు పొడిగించిరి. ఇంటి టెలిఫోనుతప్ప వేరు దిక్కులేని వారికి, కరెంటు పోయినపుడు కనీసము ఒక గంటసేపైనను అత్యవసరపు పిలుపు చేసికొను సాధనమును కంపెనీలే సమకూర్పవలెనని అచటి నియంత్రణసంస్థ చెప్పినది. ఒక గంట వారికి చాలవచ్చును. ఉద్దానమున తిత్లీ తరువాత మనకు కావలసినది గంటలు కాదు, దినములు.

కావున ప్రభుత్వమును, కంపెనీలను మనము కోరదగినవి రెండున్నవి. మొదటిది, కరెంటు లేనపుడు ఈ టెలిఫోను పనిచేయునా, చేయదా యనుమాట ప్రతి బిల్లుపైనను స్పష్టమైన తెలుగులో ముద్రింపవలెను. కొనువానికి సరుకు గుణము తెలియజేయుట వర్తకధర్మము. రెండవది, తీరమునందలి ప్రతి పంచాయతీలోను, పార్వతీపురము మన్యమునందలి ప్రతి పెద్ద గూడెమునందును, కనీసము ఒక్కచోటనైన, పాఠశాలయందో ఆరోగ్యకేంద్రమునందో తుఫాను ఆశ్రయమునందో, గాలికి కూలని సంబంధము ఒకటి యుండవలెను. భూమిలో పాతిన తీగెయో, ఉపగ్రహపు ఫోనో, దానికి సూర్యరశ్మితో నిండెడి బ్యాటరీయో ఏర్పరచుట నేటి శాస్త్రమునకు కష్టము కాదు. ఊరికి ఒక్క టెలిఫోను చాలును. ఒకప్పుడు ఊరంతటికి పనికివచ్చినది తపాలా కార్యాలయములోని ఒక్క టెలిఫోనే కదా!

"అది పాతకాలము, ఇప్పుడు ప్రతివాని జేబులోను ఫోను ఉన్నది గదా" యని కొందరు అనవచ్చును. ఉన్నది. తిత్లీనాడును మా అక్కయ్య కొంగున ముడివేసికొన్న సంచిలో ఫోను ఉన్నది. అది ఆ మూడు దినములును ఉన్నది. 2020లో బడులు మూతపడి పాఠములు ఫోనులోనికి ఎక్కినపుడు, మన్యపు పిల్లలు సంకేతమునకై కొండ యెక్కి కూర్చుండిరి. వారివద్దను ఫోను ఉన్నది. వస్తువు చేతనుండుట వేరు, అది అవసరమునకు పలుకుట వేరు.

ఉపాధ్యాయమిత్రులకు నాదొక మనవి. ఎక్కములు వల్లెవేయించుట ఇప్పుడు మోటుతనమని అనిపించుకొనుచున్నను, ఒక్క సంఖ్యను మాత్రము ప్రతి పిల్లవానిచేతను వల్లెవేయింపుడు. తల్లిదో, తండ్రిదో, ఇంటిదో, ఏదైనను సరే, పుస్తకము చూడకుండ, ఫోను చూడకుండ చెప్పగల సంఖ్య ఒకటి ప్రతి బిడ్డ నోటను ఉండవలెను. వారమునకొకసారి తరగతిలో అడుగుడు. దానికి అద్దె లేదు, పన్ను లేదు, కరెంటుతో పని లేదు. ప్రశ్నపత్రములో దానికి మార్కులు లేకపోవచ్చును. విద్యార్థులుకూడ ఇంటికి పోయి అమ్మమ్మలకును తాతలకును ఒక సంఖ్యను కంఠస్థము చేయింపవచ్చును. అంకెలు మరచిపోవువారికి పెద్ద అక్షరములతో వ్రాసి, దేవుని గూటి ప్రక్కన గోడకు అంటింపవచ్చును.

మా ఇంట ఇప్పుడు వచ్చుచున్నది ఒకటే బిల్లు. మూలబల్ల అచటనే యున్నది. దానిపై తీగెతో కట్టిన పాతకాలపు సాధనమును మరల పెట్టితిని. మా అక్కయ్యకు ఈ మార్పునంతయు ఆదివారమునాడు వివరింపబోతిని. రాగి పోయి గాజు వచ్చినదని చెప్పితిని. ఆమె కొంచెమాగి, "నెంబరు మారిందేటి?" అని అడిగినది. మారలేదంటిని. "అయితే సరే" అని, ఆమె ఈ యేడు క్రొత్తగ నాటిన కొబ్బరిమొక్కల సంగతి చెప్పసాగినది.